ఉప్పల్‌లో టీ బ్రేక్

ఉప్పల్ స్టేడియంలో టెస్టు ఆడేవాళ్లకు లంచ్‌కి 40 నిమిషాలు, టీకి 20. బౌలర్ ఎంత ఊపు మీదున్నా సరే, టైమైతే అంపైర్ బెయిల్స్ తీసేస్తాడు. అదే ఉప్పల్‌లో కాల్‌సెంటర్ నైట్ షిఫ్టు కుర్రాడు హెడ్‌సెట్ తీసి లేవాలంటే ముందు టీమ్ లీడ్ మొహం చూడాలి.

టీ బ్రేక్ సరే, ఊరు దాటి వెళ్లే విరామం సంగతి చూద్దాం. 2024 జనవరిలో టెస్టు సిరీస్‌కు ఇంగ్లండ్ జట్టు మన దేశంలో ఒక్క వార్మప్ మ్యాచ్ కూడా ఆడకుండా, అబుదాబిలో శిబిరం ముగించుకుని నేరుగా హైదరాబాద్‌లో దిగింది. ఇదేం సన్నాహమని విమర్శకులు పెదవి విరిచారు. తొలి ఇన్నింగ్స్‌లో 190 పరుగులు వెనకబడ్డాక ఓలీ పోప్ 196 కొట్టాడు, టామ్ హార్ట్‌లీ 7 వికెట్లు తీశాడు. 28 పరుగులతో ఇంగ్లండ్ గెలిచింది! విశాఖలో ఓడాక మళ్లీ అబుదాబి వెళ్లి సేదదీరి వచ్చింది. ఈసారి రాజ్‌కోట్‌లో 434 పరుగులతో చిత్తు. సిరీస్ 4-1తో మనదే. గాలి మార్పు గెలుపు తెచ్చిపెడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది అలసట దించుతుంది. అదేం తక్కువ కాదు. విశాఖలో 9 వికెట్లు తీసిన బుమ్రాను రాంచీ టెస్టులో ఆడించకుండా విశ్రాంతినిచ్చారు మనవాళ్లు. అయినా గెలిచారు.

ఇటు నాచారం పారిశ్రామికవాడకు రండి. అయిదు గంటలు దాటి ఏకబిగిన పని చేయించరాదనీ, మధ్యలో కనీసం అరగంట ఇవ్వాలనీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. 150 మందికి మించి ఉంటే విశ్రాంతి గది, భోజనాల గది కట్టాలన్నారు. చిన్న షెడ్లకు ఆ గది లెక్క వర్తించలేదు. వాళ్లకు విశ్రాంతి గదంటే గేటు బయటి చాయ్ బండే. లేతు మిషన్ దగ్గర్నుంచి వచ్చినవాళ్లు చేతుల గ్రీజు పాత గుడ్డకు తుడుచుకుని 'వన్ బై టూ' చెబుతారు. సూపర్‌వైజర్ మీద నాలుగు జోకులు పడతాయి. పొద్దుట్నుంచీ కుదరని సెట్టింగ్ ఎక్కడ తప్పుతోందో పక్క షెడ్డువాడు బిస్కెట్ నములుతూ చెప్పేస్తాడు.

1927లో చికాగో దగ్గర హాథార్న్ ఫ్యాక్టరీలో రిలేలు బిగించే కొందరమ్మాయిలను వేరే గదిలో కూర్చోబెట్టి, మధ్యమధ్య విరామాలిచ్చి చూశారు. ఉత్పత్తి పెరిగింది. విరామం వల్లనా, నెత్తిన మేస్త్రీ లేనందువల్లనా అన్న వాదన ఇంకా తెగలేదు. నాచారం చాయ్ బండి దగ్గర ఆ రెండూ ఉన్నాయి.

ఇక కార్పొరేట్ అవుటింగ్. శనివారం తెల్లారకముందే బస్సు, ఒకే రంగు టీషర్టులు, రిసార్టులో బిర్యానీ, తిన్న వెంటనే మేనేజర్‌గారి పవర్‌పాయింట్! చంటిపిల్లల తల్లికి వారంలో దొరికే కాస్త తీరికా గోవిందా. దీన్ని విరామం అనడానికి నాకు నోరు రాదు. నిజంగా గాలి మార్పే కావాలంటే, వరంగల్ రోడ్డు పట్టుకుంటే భువనగిరి ఎంతో దూరం కాదు. అక్కడి ఏకశిల గుట్ట ఎక్కేటప్పుడు ఆయాసానికి హోదా తెలియదు. నిన్న చేరిన ట్రైనీయే మేనేజర్‌కు చెయ్యి అందించాల్సి రావచ్చు.

యాజమాన్యాలకు ఒక్క మాట. టీమ్‌ను ఎక్కడికైనా తీసుకెళ్లండి, కానీ పని రోజునే తీసుకెళ్లండి. బస్సులో సెక్యూరిటీ వాళ్లకూ, హౌస్‌కీపింగ్ వాళ్లకూ సీట్లు ఉంచండి.