పొగయా, మంచా?

తర్కశాస్త్రం చదివినవారందరూ వాదాన్ని తూచగలవారు కారు. నా అనుభవమే ఇందుకు సాక్ష్యం.

కొండమీద పొగ వున్నది గనుక నిప్పు వున్నదన్న అనుమానాన్ని మన నైయాయికులు ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని అయిదు అవయవాలుగా విడదీసి చూపారు. 17వ శతాబ్దివాడు, ఆంధ్రుడని ప్రతీతి గన్నవాడు అయిన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో దీనినే బాలురకు సుబోధంగా వివరించాడు. పొగ వున్నచోట నిప్పు వుంటుంది. నిప్పు వున్నచోటనెల్లా పొగ వుండదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో పొగ ఏదీ? ఇంతవరకు సూత్రానికి లొంగే విషయమే. కాని ఆ కొండమీద కనిపిస్తున్నది పొగయా, మంచుతెరయా? ఇక్కడ సూత్రం మౌనం వహిస్తుంది. వేళ చూచి, గాలివాలు చూచి, కన్ను నిలిపి నిర్ణయించుకోవలసినవాడు చూచేవాడే. అది మంచు అయినప్పుడు అవయవాలు అయిదూ సక్రమంగా వున్నా ప్రయోజనం శూన్యం.

చాలా ఏళ్ల క్రిందట వాదదోషాలను పాఠం చెప్పి, పరీక్షలో ఒక ప్రశ్న ఇచ్చాను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) గ్రాంథికవాదుల రచనలలోనే వ్యాకరణదోషాలను ఎత్తి చూపారు గదా, ఆ వాదం నిలుస్తుందా అని. ఒక విద్యార్థి, “వాదాన్ని విడిచి వాదిని దూషించడం దోషం, కనుక నిలువదు” అని రెండు ముక్కలలో తేల్చాడు. పదికి తొమ్మిది వేశాను. మరొకడు నాలుగు పుటలు వ్రాసి, “నిలుస్తుంది, కాని కొంతమేరకే” అన్నాడు. పాఠం ఒంటబట్టలేదని మూడు వేశాను.

ఆనాటి వివాదం దేనిని గురించి? బడిపిల్లలు ఏ తెలుగులో వ్రాయాలన్నది అందులో ముఖ్యమైన ప్రశ్న. శ్రద్ధతో అభ్యసిస్తే గ్రాంథికం పట్టుబడుతుందని ఎవరైనా అన్నప్పుడు, జన్మంతా అభ్యసించిన పండితులే తప్పటడుగులు వేశారని చూపడం దూషణ ఎలా అవుతుంది? అది ప్రశ్నకు సూటిగా తగిలే సాక్ష్యమే. అదే సాక్ష్యాన్ని తెచ్చి, ప్రాచీన కావ్యభాషకు అందం లేదని ఎవరైనా వాదిస్తే మాత్రం అప్రస్తుతం. అంతేకాదు, ఆ తప్పులు ఎన్ని, ఎటువంటివి? అచ్చుతప్పులా, నియమభంగాలా? నియమమే పూర్వకవి ప్రయోగాలకు విరుద్ధమా? వీటిని ఒక్కొక్కటిగా విడదీసి చూడనిదే ఆ వాదం బరువు తేలదు. గిడుగువారు ఆ శ్రమ పడ్డారు. గ్రాంథికం చేతకాక వ్యావహారికాన్ని కోరినవారు కారు ఆయన. నేను మాత్రం దోషాల పట్టిక చేతబట్టుకొని, పేరు కుదిరింది గదా అని తృప్తి పడ్డాను.

రెండవ విద్యార్థి నాలుగు పుటలలో చేసింది ఈ పనే. నాకది గ్రహింపుకు వచ్చేసరికి అతడు కళాశాల విడిచి వెళ్లిపోయాడు. మార్కుల పుస్తకంలో ఆ మూడు అలాగే వున్నది.