కేసు కొట్టేశారు.. మరి రికార్డు పోతుందా?

శ్రీరాంపూర్ కుర్రాడికి సింగరేణిలో ఉద్యోగం వచ్చిందనుకుందాం. అటెస్టేషన్ ఫారంలో ‘మీపై కేసులున్నాయా?’ అన్న ప్రశ్న దగ్గర పెన్ను ఆగుతుంది. కాలేజీ రోజుల్లో ధర్నాకు వెళ్తే పడిన కేసు, కోర్టు ఎప్పుడో కొట్టేసింది. లేదని రాసేయొచ్చా?

రాయొద్దు. కొట్టేసిన కేసు కంటే దాచిన కేసే ప్రమాదం. అడిగిన వివరాలు నిజంగా చెప్పాల్సిందేనని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి స్వల్ప కేసును దాచినా సంస్థ క్షమించవచ్చంది. క్షమించి తీరాలని అనలేదు, గమనించండి.

పెద్దవాళ్ల రికార్డును అమెరికాలోలా సీల్ చేయించుకునే చట్టం మనకు లేదు. ప్రొబేషన్‌పై వదిలేస్తే 1958 చట్టం సెక్షన్ 12 కింద శిక్ష వల్ల వచ్చే అనర్హత పోతుంది, రికార్డు పోదు.

18 ఏళ్లలోపు చేసిన నేరమైతే వేరు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 24 ప్రకారం అనర్హత ఉండదు, అప్పీలు గడువు తీరాక రికార్డును ధ్వంసం చేయాలి. 16 దాటి, ఘోర నేరంలో పెద్దలతో సమానంగా విచారణ జరిగి దోషిగా తేలినవారికి ఈ వెసులుబాటు లేదు.

కేసు ఇంకా నడుస్తుంటే, రాజీకి వీలున్నదైతే లోక్ అదాలత్‌లో, లేదంటే బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 528 కింద హైకోర్టులో ప్రయత్నించవచ్చు. కొట్టేసిన కేసైతే విచారణ జరిగిన కోర్టులో తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకుని ఫారానికి జత చేయండి.