ఇంటి సొమ్ముకు గ్రామసభ కాపలా
తిరువళ్లూరు జిల్లా పల్లెలలో గుడిసె స్థానే పక్కా ఇల్లు కట్టుకొనువారికి ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన క్రింద లభించే మూల సాయం రూ.1,20,000. అందులో కేంద్రం వాటా రూ.72,000, రాష్ట్రం వాటా రూ.48,000. కాంక్రీటు కప్పు నిమిత్తం తమిళనాడు ప్రభుత్వం అదనంగా కొంత చేరుస్తుంది. 2024లో ఆరంభమైన రాష్ట్ర పథకం 'కలైంజర్ కనవు ఇల్లం'లో ఇంటి ఖర్చును రూ.3,50,000గా నిర్ణయించారు.

సొమ్ము ఒక్కసారిగా రాదు. పునాది, గోడలు, కప్పు ఏ దశకు చేరాయో అధికారులు చూసి, ఫోటో నమోదు చేసిన పిమ్మటనే తదుపరి వాయిదా బ్యాంకు ఖాతాలో పడుతుంది. మధ్యవర్తి చేతిలో పైకం పెట్టవలసిన పనే లేదు.

ఆవాస్ యోజన అర్హుల జాబితా గ్రామసభ ముందుకు రావాలి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. నేడు జాబితా తమిళంలో ఉంటుంది. తమిళం చదవరాని తెలుగు పెద్దలు ఆగస్టు 15న, అక్టోబరు 2న జరిగే సభలకు బడిపిల్లలను వెంటబెట్టుకొని వెళ్లవచ్చు. 2006 నాటి చట్టం పుణ్యమా అని వారికి తమిళం వచ్చును. పేరు లేకుంటే ఆ అభ్యంతరాన్ని నోటిమాటగా వదలక, సభ తీర్మానాల పుస్తకంలో వ్రాయించాలి.