టీచరమ్మ నీరసానికి సెలైన్ మందు కాదు

మన సంఘంలోనూ, మన ఆసుపత్రికి వచ్చే కుటుంబాలలోనూ టీచర్లు చాలామంది ఉన్నారు. ఈసారి వారి ఆరోగ్యం గురించి రాస్తున్నాను. ఇంట్లో టీచరు ఉన్నవారు కూడా దయచేసి చదవండి, ఇందులో కొన్ని మాటలు మీకే.

బడులు తెరిచిన కొన్నాళ్ళకు ఒకసారి, పదో తరగతి పరీక్షల ముందు మరొకసారి ఓ.పి.లో టీచర్లు ఎక్కువగా కనిపిస్తారు. "ఒంట్లో సత్తువ లేదు సిస్టరమ్మా, ఒక సెలైన్ ఎక్కించండి, రేపు మళ్ళీ బడికి పోవాలి" అంటారు. ఆ బాటిల్‌లో ఏముందో చెబుతాను. అరలీటరు నార్మల్ సెలైన్‌లో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది, మిగతావి నీళ్ళే. అరలీటరు ఐదు శాతం గ్లూకోజులో 25 గ్రాముల చక్కెర ఉంటుంది. దానివల్ల వచ్చే శక్తి 100 కేలరీలకు మించదు. ఒక పెద్ద అరటిపండు తిన్నా అంతే వస్తుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయినవారికి సెలైన్ ప్రాణం నిలుపుతుంది. నెలల తరబడి పేరుకున్న అలసటకు అది పనిచేయదు. "ఎక్కించాక హాయిగా ఉంది" అంటారు. గంటన్నర సేపు ఎవరూ పిలవకుండా కదలకుండా పడుకున్నారు కదమ్మా, ఆ హాయి మంచానిది, బాటిల్‌ది కాదు.

ఈ అలసటను బర్న్‌అవుట్ అంటారు. 1974లో అమెరికాలో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని గురించి రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిని జబ్బుగా కాక, తీరని పని ఒత్తిడి వల్ల కలిగే స్థితిగా వివరించింది. అందులో మూడు లక్షణాలు చెప్పింది: శక్తి ఉడిగిపోవడం, చేసే పని మీద విరక్తి పుట్టడం, తన వల్ల ఏమీ కావడం లేదనిపించడం. మామూలు అలసట ఆదివారం కంటినిండా నిద్రపోతే తీరుతుంది. ఇది సోమవారం ఉదయం బస్సెక్కే ముందే మళ్ళీ వచ్చేస్తుంది. పిల్లవాడు సందేహం అడిగితే విసుగు, "ఎంత చెప్పినా వీళ్ళకు రాదు" అనే మాట రోజూ నోట్లోకి రావడం దీని గుర్తులే. అది బద్ధకం కాదు.

మన ప్రాంతంలో దీనికి కారణాలు కొదవ లేవు. ఖమ్మంలో కాపురం, ఏజెన్సీ మండలంలో ఉద్యోగం, రోజూ రెండు పూటలా ప్రయాణం. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒకే గదిలో ఐదు తరగతులు. ఇంట్లో కోయ భాష మాట్లాడే చిన్నపిల్లలకు తెలుగులో పాఠం. పైగా మధ్యాహ్న భోజనం లెక్కలు, ఓటర్ల జాబితాలు. 2024 నవంబరులో ఇంటింటి సర్వే జరిగినప్పుడు ప్రాథమిక బడుల టీచర్లు ఒకపూట బడిలో, ఒకపూట వీధుల్లో పనిచేశారు. 2021 డిసెంబరులో వచ్చిన 317 జీవో వల్ల సొంత జిల్లా వదిలి వెళ్ళినవారు, భార్య ఒక జిల్లాలో భర్త ఒక జిల్లాలో అయినవారు ఎందరో. ప్రైవేటు బడుల వారి సంగతి వేరు. కరోనా మూసివేతలలో జీతం లేక కూరగాయలు అమ్ముకున్నవారున్నారు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం వారికి నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి.

ఇవన్నీ టీచరు ఒక్కరు జాగ్రత్తపడితే తీరేవి కావు. అడగవలసిన చోట ఉపాధ్యాయ సంఘాలతో కలిసి అడగవలసిందే. అంతవరకు మన ఒంటిని మనం కాపాడుకోవాలి.

ముందుగా రక్తపరీక్ష చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే, థైరాయిడ్ తేడా చేస్తే, షుగర్ ఉంటే కూడా ఇదే నీరసం వస్తుంది. వాటికి మందులున్నాయి.

రెండవది నీళ్ళు. బడిలో మరుగుదొడ్డి సరిగా లేదని ఉదయం నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగని టీచరమ్మలున్నారు. మూత్రం ఆపుకుంటే ఇన్ఫెక్షన్, మంట, చలిజ్వరం వస్తాయి, నీళ్ళు తక్కువైతే తలనొప్పి వస్తుంది. ఇంటర్వెల్‌లో తప్పక వెళ్ళి రండి. మూత్రం లేత పసుపులో ఉంటే నీళ్ళు సరిపోయినట్లే.

గొంతు కూడా జాగ్రత్త. పిల్లల గోల మీద అరవకండి, చప్పట్లు కొట్టి వాళ్ళు ఆగాక మాట్లాడండి. గొంతు బొంగురు మూడు వారాలకు మించితే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాలి.

మా నర్సులు డ్యూటీ దిగేటప్పుడు వచ్చే నర్సుకు పేషెంట్లను అప్పజెప్పి ఇంటికి పోతారు. టీచరుకు ఆ అప్పగింత లేదు, బడి మొత్తం బుర్రలో పెట్టుకుని ఇంటికి వస్తారు. బడి వదిలే ముందు పది నిమిషాలు కూర్చుని రేపటి పనులు ఒక నోటుబుక్కులో రాసి, ఆ పుస్తకాన్ని బడిలోనే వదిలి రండి. రాత్రి ఎనిమిది తర్వాత వాట్సాప్ గ్రూపులు చూడకండి. చిన్న పనే గానీ, నిద్ర పట్టడానికి మాత్ర కంటే ఇది మేలు.

ఇప్పుడు ఇంటివారికి. బస్సు దిగి వచ్చిన మనిషికి వెంటనే పొయ్యి అప్పజెప్పకండి. అరగంట కూర్చోనివ్వండి, కూరగాయలు మీరు తరగండి. సంఘ పెద్దలకు కూడా ఒక విన్నపం. "టీచరమ్మ ఉందిగా" అని సండే స్కూలు, వేసవిలో వి.బి.ఎస్., క్రిస్మస్ నాటిక అన్నీ ఆమెకే ఇస్తున్నాం. ఒక సంవత్సరం ఇంకొకరికి ఇచ్చి చూడండి.

చివరిగా, అన్నిటికంటే ముఖ్యమైనది. రెండు వారాలకు మించి దిగులు, నిద్ర లేకపోవడం, దేని మీదా ఆశ లేకపోవడం ఉంటే అది బర్న్‌అవుట్ దాటి డిప్రెషన్ కావచ్చు. "నేను లేకపోతేనే నయం" అనే మాట వినిపిస్తే విశ్వాసం తక్కువైందని మందలించకండి, ఒంటరిగా వదలకండి, అదే రోజు డాక్టరు దగ్గరకు తీసుకురండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు ఇప్పుడే ఫోనులో వేసుకోండి.