మందు జాడ పట్టే సూక్ష్మజీవి

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పాడిపశువుల పొదుగువాపుకు పెన్సిలిన్ గొప్ప మందుగా దొరికింది. దాన్ని నేరుగా పొదుగులోకే ఎక్కించేవారు. పశువు కోలుకునేది కానీ చీజ్ తయారీదారులకు కొత్త చిక్కు వచ్చిపడింది. తోడు వేసినా పాలు పులియడం మానేశాయి. పాలలోకి దిగిన పెన్సిలిన్ తోడులోని మేలుచేసే బ్యాక్టీరియానూ చంపేస్తోంది. అలాంటి పాలు తాగితే పెన్సిలిన్ పడని వాళ్ళకు ప్రమాదం. చాలీచాలని మోతాదులో మందు తగులుతూ ఉంటే రోగకారక క్రిములు దానికి లొంగకుండా తయారవుతాయి. పాలు కాచినా మందు పూర్తిగా పోదు.

తోడుకోకపోవడమే మందు ఉన్నట్టు సాక్ష్యం కాబట్టి, శాస్త్రవేత్తలు దాన్నే పరీక్షగా మలిచారు. అలాంటి పరీక్షల్లో బాగా పేరు పొందిన డెల్వోటెస్ట్ నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో పుట్టింది. జర్మన్ సైన్యం దేశాన్ని ఆక్రమించిన రోజుల్లో ఆ ఊరి ఈస్టు కర్మాగారంలోనే 'బాసినాల్' అనే మారుపేరుతో గుట్టుగా పెన్సిలిన్ తయారుచేశారు. ఆ కర్మాగారానికి వారసురాలైన గిస్ట్-బ్రొకేడ్స్ సంస్థ 1970ల మధ్యలో ఈ పరీక్షను తెచ్చింది.

చిన్న గొట్టంలో అగార్ జెల్లీ. అందులో జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ అనే బ్యాక్టీరియా బీజాలు, ఊదా రంగు. కొద్దిగా పాలు వేసి సుమారు 64 డిగ్రీల వేడిలో ఉంచుతారు. చాలా సూక్ష్మజీవులు తట్టుకోలేని ఆ వేడిలోనే ఇది హాయిగా పెరిగి ఆమ్లం వదులుతుంది, జెల్లీ పసుపుగా మారుతుంది. పాలలో మందు ఉంటే పెరుగుదల ఆగి ఊదా రంగు అలాగే నిలుస్తుంది. కిలో పాలలో కొద్ది మైక్రోగ్రాముల పెన్సిలిన్ ఉన్నా దీనికి తెలిసిపోతుంది.

ఫలితానికి రెండున్నర, మూడు గంటలు పడుతుంది. డెయిరీ గేటు దగ్గర ట్యాంకరు అంతసేపు ఆగలేదు. అమెరికాలో స్టాన్లీ చార్మ్ 1978లో తెచ్చిన పరీక్ష ఆ గంటలను నిమిషాలకు కుదించింది. ఈ బ్యాక్టీరియా కణాల మీద పెన్సిలిన్ అతుక్కునే చోట్లనే ఆయన వాడుకున్నారు. 1979లో మాంసంలో మందు జాడ పట్టేందుకు అక్కడి కబేళాల్లోకి మరో పరీక్ష వచ్చింది. మందులు ఎక్కువగా చేరేది మూత్రపిండంలో కాబట్టి, దాని రసాన్ని దూదిపుల్లకు అద్ది బ్యాక్టీరియా పెరిగే పళ్ళెంలో పెట్టేవారు. ఇప్పుడు పాల పరీక్షకు బంగారు సూక్ష్మకణాలు అద్దిన కాగితపు స్ట్రిప్పులు వచ్చాయి. వీటిలో గీత స్పష్టంగా పడితే పాలు మంచివి, వెలిస్తే మందు ఉన్నట్టు. పది నిమిషాల్లో తేలిపోతుంది.

2018లో భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ దేశవ్యాప్తంగా 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే 77 నమూనాల్లో యాంటీబయాటిక్స్ పరిమితి దాటాయి. శాతం చిన్నదే. కానీ ఒక్క క్యానులోని మందు ట్యాంకరు మొత్తానికీ అంటుకుంటుంది, కలిశాక ఎవరి క్యానో తేల్చడం కష్టం. పరీక్ష జరగాల్సిన చోటు ఊళ్ళోని పాల కేంద్రమే.

ఐరోపాకు వెళ్ళే ఆంధ్ర రొయ్యలను చెరువులో పట్టుబడికి ముందే ఇలాంటి మందుల కోసం పరీక్షిస్తారు. విదేశీయుల పళ్ళేనికి ఉన్న ఈ రక్షణ మన పిల్లల పాల గ్లాసుకూ ఉండాలి. పశువుకు ఇంజక్షన్ చేయించిన ప్రతి రైతూ పాలు ఎన్నాళ్ళు పోయకూడదో డాక్టరును అడగాలి. ఆ రోజుల నష్టాన్ని రైతు ఒక్కడి మీదే వదిలేయకుండా డెయిరీలు పంచుకోవాలి.