కథానికలో మలుపు - శిల్పమా? గారడీయా?

ఒక కథల పోటీకి వచ్చిన కథల్ని చదివి ఎంపిక చేసే పని ఈమధ్య నా మీద పడింది. చదవగా చదవగా ఒక సంగతి స్పష్టమయింది. సగానికి పైగా కథలు ఆఖరి పేరా కోసమే రాసినట్టున్నాయి. ఒక కథలో అంతవరకూ జరిగినదంతా కల అని చివర తేలుతుంది. మరొక కథలో రైల్లో తారసపడిన బిచ్చగాడు చిన్నప్పుడు తప్పిపోయిన తమ్ముడని తెలుస్తుంది. ఇంకొక కథలో కూలి పెంచమని అడిగి తన్నులు తిన్న మనిషి ఆఖరి వాక్యంలో లారీ కింద పడి చనిపోతాడు. ఈ మూడో రచయితకి కష్టజీవి పట్ల సానుభూతి ఉంది. కాని తాను ఎత్తుకున్న సమస్యని ఎటు నడిపించాలో తోచక లారీని పిలిచాడు.

ఈ యువరచయితల్ని అడిగితే "కథకి కొసమెరుపు ఉండాలి కదండీ" అంటారు. ఉండకూడదని నేను అనను. అయితే ఆ మెరుపు ఎక్కడినుంచి రావాలన్న ప్రశ్న వారు వేసుకోవడం లేదు. వ్యంగ్యం, పూర్వసూచన, మలుపు - ఈ మూడింటినీ మూడు విడివిడి చిట్కాలుగా నేర్చుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. మంచి కథల్లో ఈ మూడూ ఒకే మూలం నుంచి పుడతాయి. ఆ మూలం కథావస్తువులో ఉన్న వైరుధ్యం. దీన్ని కొన్ని ప్రసిద్ధ కథల ఆధారంగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు మాటల అర్థాలు తేల్చుకుందాం. మన అలంకారికులు వ్యంగ్యమంటే వ్యంజనావృత్తి వల్ల స్ఫురించే అర్థమని చెప్పారు. ఆధునిక విమర్శలో ఆ మాటకి మరో అర్థం స్థిరపడింది. ఇక్కడ వాడుతున్నది ఆ రెండో అర్థంలోనే. అందులో మూడు రకాలున్నాయి. పైకి అన్న మాటకీ లోపలి అభిప్రాయానికీ పొసగకపోవడం ఒకటి. ముంచినవాణ్ణి పట్టుకుని "ఎంత ఉపకారం చేశావు బాబూ" అనడం ఇలాంటిది. మనిషి ఆశించినదానికీ జరిగినదానికీ పొసగకపోవడం రెండోది. ఇది పరిస్థితిలో ఉన్న వ్యంగ్యం. పాత్రకి తెలియని నిజం పాఠకుడికి ముందే తెలిసి ఉండడం మూడోది. దీన్నే నాటకీయ వ్యంగ్యం అంటున్నాం. ఇక పూర్వసూచన అంటే రాబోయే దాని జాడని ముందుగానే పాఠకుడి కంటపడేలా పెట్టి, దాని విలువ మాత్రం అప్పటికి తెలియనివ్వకపోవడం. ఆ విలువ ఒక్కసారిగా తెలిసే చోటు మలుపు.

ఇదంతా పాశ్చాత్యుల సొమ్మని భ్రమపడనక్కరలేదు. మన నాటకశాస్త్రంలో పతాకాస్థానం ఉంది. భవభూతి 'ఉత్తరరామచరితం' మొదటి అంకంలో నిద్రిస్తున్న సీతని చూస్తూ, ఆమె విరహం ఒక్కటే తనకి భరించరానిదని రాముడు అనుకుంటాడు. ఆ మాట ముగిసీ ముగియకముందే ప్రతీహారి ప్రవేశించి, వచ్చి ఉన్నాడని చెబుతుంది. వచ్చినది చారుడైన దుర్ముఖుడు. అతడు తెచ్చినది లోకాపవాదం. దాని ఫలితం విరహమే. రాముడికి ఇది తెలియదు, కథ తెలిసిన ప్రేక్షకుడికి తెలుసు. ఒక్క మాటలో వ్యంగ్యమూ పూర్వసూచనా కలిసిపోయాయి. ప్రేమించే భర్తగా రాముడికీ, జనవాక్యానికి కట్టుబడ్డ రాజుగా రాముడికీ మధ్య ఉన్న వైరుధ్యం నుంచే ఆ ఘట్టానికి బలం వచ్చింది.

ఇప్పుడు కథానికకి వద్దాం. మపాసా 1884లో ప్రచురించిన 'నెక్లెస్' కథ లోకప్రసిద్ధం. విద్యాశాఖలో చిన్న గుమాస్తా భార్య మెటిల్డా. గొప్పింటి విందుకి వెళ్ళడానికి ధనికురాలైన స్నేహితురాలి దగ్గర వజ్రాల హారం ఎరువు తెచ్చుకుని పోగొట్టుకుంటుంది. అలాంటిదే 36,000 ఫ్రాంకులకి కొని, సంగతి చెప్పకుండా తిరిగి ఇచ్చేస్తారు. ఆ అప్పు తీర్చడానికి భార్యాభర్తలిద్దరూ పదేళ్ళు అరిగిపోతారు. చివరికి స్నేహితురాలు కనబడి చెబుతుంది - ఆ హారం నకిలీదని, మహా అయితే 500 ఫ్రాంకులు చేస్తుందని.

ఈ మలుపు చదివినవారెవరూ మరిచిపోరు. కాని రెండోసారి చదివినప్పుడే మపాసా పనితనం బోధపడుతుంది. హారం అడగ్గానే స్నేహితురాలు క్షణం తటపటాయించకుండా ఇచ్చేస్తుంది. పోయాక, పెట్టె మీద ఉన్న పేరు పట్టుకుని నగల వర్తకుడి దగ్గరికి వెళితే, తాను పెట్టె మాత్రమే ఇచ్చాననీ హారం అమ్మింది తాను కాదనీ అంటాడు. అంటే పెట్టె ఒకచోటిది, హారం మరొకచోటిది. కొత్త హారం తిరిగి ఇచ్చినప్పుడు స్నేహితురాలు పెట్టె మూత తీసి కూడా చూడదు. మూడుచోట్ల నిజం మన ముందే ఉంది. మనం ఎందుకు చూడలేదు? మెటిల్డాలాగే మనం కూడా ధనికుల ఇంట్లో ఉన్నదంతా అసలు సరుకే అనుకున్నాం కనక. రచయిత మనని మోసం చెయ్యలేదు. మన నమ్మకమే మనని మోసం చేసింది. ఈ మలుపు పాఠకుడి వర్గ భ్రమని బయటపెడుతుంది. కథలో ఉన్న వైరుధ్యం కూడా అదే: పైమెరుగుకీ అసలు విలువకీ మధ్య ఉన్నది.

ఈ కథని ఒకసారి పదో తరగతి పిల్లలకి చెప్పాను. ఆఖరి మాట చెప్పి, ఆశ్చర్యం కోసం వాళ్ళ ముఖాల్లోకి చూస్తున్నాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మరి ఎక్కువ కట్టిన డబ్బు ఆవిడ తిరిగి ఇచ్చేసిందా సార్?" అని అడిగింది. కథ అక్కడితో అయిపోయిందన్నాను. "అదెలాగండీ, పదేళ్ళు కట్టారు కదా!" అంది. ఆ పిల్ల తల్లి వారంవారం వాయిదాలు కట్టే అప్పులో ఉందని తరవాత తెలిసింది. ఎన్నో ఏళ్ళుగా ఈ కథలోని కొసమెరుపు గురించి పాఠం చెబుతున్న నాకు, దాని వెనక 35,500 ఫ్రాంకులూ రెండు జీవితాలూ ఉన్నాయని ఆ పిల్ల గుర్తు చేసింది. మలుపు కథని ముగించాలి గాని, కథ లేవనెత్తిన ప్రశ్నని ముగించకూడదు. ఆ రోజు నుంచి మలుపుల్ని తూచడానికి నేను వాడే తూనికరాయి ఆ ప్రశ్నే.

ఆ తూనికరాయితో ఓ హెన్రీని చూద్దాం. 1905లో అచ్చయిన 'గిఫ్ట్ ఆఫ్ ది మేజై' కథలో డెల్లా తన పొడుగాటి జుట్టు అమ్మి భర్త గడియారానికి గొలుసు కొంటుంది. భర్త ఆ గడియారం అమ్మి ఆమె జుట్టుకి దువ్వెనలు కొంటాడు. ఆ జుట్టూ ఆ గడియారమూ ఆ ఇంటికి ఉన్న రెండే ఆస్తులని రచయిత కథ మొదట్లోనే చెప్పేశాడు. పూర్వసూచన లోపం లేకుండా ఉంది. పరిస్థితి వ్యంగ్యానికి ఇంతకన్న చక్కని ఉదాహరణ దొరకదు. అయితే అదే కథలో భర్త జీతం వారానికి 30 డాలర్ల నుంచి 20 డాలర్లకి పడిపోయిందన్న సంగతి కూడా ఉంది. ఆ జీతం ఎందుకు తగ్గిందన్న ప్రశ్న కథలో మళ్ళీ రాదు. చివరికి ఆ దంపతుల త్యాగాన్ని మెచ్చుకుని, పేదరికాన్ని ఉన్నచోటే ఉంచి రచయిత సెలవు తీసుకుంటాడు. ఓ హెన్రీ శిల్పాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆయన్ని అనుకరించిన మనవాళ్ళు ఆ ఆప్యాయతనీ, ఆ పరిశీలననీ వదిలేసి గారడీని మాత్రం పట్టుకున్నారు.

తెలుగులో ఈ విద్యకి గురజాడ గట్టి పునాది వేశారు. 1910 ఫిబ్రవరిలో 'ఆంధ్రభారతి'లో వెలువడిన 'దిద్దుబాటు'లో గోపాలరావు సానిపాట విని అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరతాడు. గది చీకటిగా ఉంది. భార్య కమలిని లేదు. పుట్టింటికి పోతున్నానన్న ఉత్తరం బల్ల మీద ఉంది. భర్త బెంబేలెత్తిపోతాడు. తన తప్పు ఒప్పుకుంటాడు. చదువుకున్న స్త్రీ ఎంత గొప్పదో నౌకరు రాముడికి ఉపన్యాసం చెబుతాడు. అప్పుడు మంచం కిందనుంచి గాజుల చప్పుడూ నవ్వూ వినిపిస్తాయి.

కమలిని మంచం కింద ఉందని గురజాడ మనకీ చెప్పలేదు కదా, ఇది గారడీ కాదా అని అడగవచ్చు. కాదు. మనం గోపాలరావు వెంట గదిలోకి వచ్చాం. అతను చూసినదే చూశాం. అతనికి తెలియనిది మననుంచి ప్రత్యేకంగా దాచలేదు. అంతకన్న ముఖ్యమైన సంగతి ఉంది. స్త్రీవిద్యని గురించి గోపాలరావు చెప్పే మాటలన్నీ నిజమే. ఆ మాటలకి అతని నడవడి సాక్ష్యమివ్వదు, అంతే. సంస్కర్త మాటకీ చేతకీ మధ్య ఉన్న ఎడాన్ని పట్టుకున్నది ఎవరు? ఆ చదువే నేర్చి, ఆ చదువుతోనే ఉత్తరం రాసిన భార్య. మంచం కింద నవ్విన నవ్వు కథకి తగిలించిన అలంకారం కాదు, ఆ కాలపు సంస్కరణోద్యమం మీద తీర్పు. అది కూడా మెత్తని తీర్పు.

మలుపు నవ్వుతోనే రానక్కరలేదు. కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' 1964లో 'యువ'లో వచ్చింది. అప్పల్రాముడి అప్పు విషయమై ఊరి పంచాయితీ జరుగుతుంది. కథలో ఎక్కువ భాగం ఆ వాదోపవాదాలే. ధర్మం గురించి పెద్దలు ఎంతో మాట్లాడతారు. స్వాతంత్ర్యం వచ్చాక ఊరు ఎంత బాగుపడిందో రచయిత ఓపికగా వివరిస్తారు. చివరికి అప్పు తీర్చవలసిందేనని తేలుతుంది. ఉన్న భూమి పోతే తన సంతతికి కట్టుబానిసత్వమే మిగులుతుందని గ్రహించిన సీతారాముడు కన్నకొడుకుని తానే నరికి తెచ్చి పంచాయితీ ముందు పెడతాడు.

ఈ ముగింపు మీద జరిగినంత వాదం తెలుగులో మరే కథ ముగింపు మీదా జరిగి ఉండదు. చదువుకునే రోజుల్లో నాకూ అది అతి అనిపించింది. తండ్రి చేత బిడ్డని చంపించడం పాఠకుణ్ణి అదరగొట్టడానికే అనుకున్నాను. తరవాత కథని వెనకనుంచి ముందుకి చదివాను. కథ పేరే మొదటి పూర్వసూచన. యజ్ఞమంటే బలిపశువు ఉంటుంది. ఎవరు బలి అన్నదే మనకి తెలియదు. మెలమెల్లగా ఊరి అభివృద్ధిని చెబుతున్న ప్రతి పేరాలోనూ అప్పల్రాముడి కుటుంబం ఒక్కొక్క మెట్టే దిగుతూ ఉంది. అభివృద్ధి అన్న మాటే అక్కడ వ్యంగ్యం. ధర్మం అన్న మాట మరింత వ్యంగ్యం. ఎందుకంటే పంచాయితీలో ఎవరూ అబద్ధమాడరు, ఎవరూ మోసం చెయ్యరు, అయినా అన్యాయం జరిగిపోతుంది. ఆ కత్తి ఆఖరి పేజీలో లేచింది గాని, పదును పెట్టడం మొదటి పేజీలోనే మొదలయింది. సీతారాముడు చేసిన పని సరైన మార్గమా కాదా అన్నది వేరే చర్చ. అది కథలో పుట్టిన పనా, రచయిత బయటినుంచి తెచ్చిన పనా అన్నదే ఇక్కడి చర్చ. నా మట్టుకు నాకు అది కథలోనే పుట్టింది.

కనక రాసేవారు ముగింపు దగ్గర కలం ఆపి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది: మలుపు తెలిసిన పాఠకుడు కథ మళ్ళీ చదివితే అతనికి కొత్తగా ఏమైనా దొరుకుతుందా? దొరక్కపోతే అది పొడుపుకథ. రెండోది: నేను దాచిన విషయం కథలోని మనుషులకి కూడా తెలియనిదేనా, లేక వాళ్ళందరికీ తెలిసి పాఠకుడికి మాత్రమే దాచానా? రెండోదయితే ఎంతో గట్టి కారణం ఉండాలి. మూడోది: ఈ మలుపు నా కథలోని మనుషుల మధ్య ఉన్న సంబంధాల వల్ల వచ్చిందా, యాదృచ్ఛికంగా ఊడిపడిందా?

మొదట చెప్పిన కూలీ కథని ఈ మూడో ప్రశ్నతో చూడండి. కూలి అడిగినవాడికీ తన్నించినవాడికీ మధ్య ఎంతో కథ ఉంది. తన్నినవాడూ బహుశా మరో కూలివాడే. వాళ్ళిద్దరూ మర్నాడు ఒకే చెరువుగట్టు మీద ఎదురుపడతారు. అక్కడ ఏం జరుగుతుందో రచయిత ఆలోచించి ఉంటే లారీ అవసరం ఉండేది కాదు. బహుమతి ఇవ్వలేదు గాని, ఆ రచయితకి ఈ మాటే ఉత్తరం రాశాను. కథ తిరగరాసి పంపుతానని జవాబు వచ్చింది. ఎదురుచూస్తున్నాను.