శబ్దగ్రాహకుని చిట్టా

బొగ్గుగనుల బెల్లంపల్లిలో చలనచిత్రమునకై సంభాషణలను అచ్చటనే గ్రహించుచున్నారనుకొందము. కాజీపేట–బల్లార్షా మార్గమున రైలు కూసినది. నటుని చివరిమాట చెడినది. శబ్దగ్రాహకుడు వెంటనే ‘దృశ్యము 12, షాటు 3, టేకు 2: చివర రైలుకూత; టేకు 4 బాగు’ అని చిట్టాలో వ్రాయవలెను. నెలల పిమ్మట ఎడిటరునకు దారి చూపునది అదియే. ఏ మైకు ఎవరిదో, సెకనుకు 48,000 నమూనాల లెక్క పాటించిరో లేదో అందుండవలెను. ఎవరును పలుకని ఆ చోటి నిశ్శబ్దమును సైతము అరనిమిషము పట్టి పేరు వ్రాయుదురు. మాటల నడుమ అతుకు వినబడకుండునది దానివలననే.

తెలుగు చిత్రములకు మాటలను స్టూడియోలో మరల పలికించు వాడుక మిక్కుటమగుటచే ఈ చిట్టాను చిన్నచూపు చూచువారు కలరు. గని కార్మికుడు తన వాడలో, తన యాసలో పలికిన పలుకును స్టూడియోలో మరల రప్పించుట సాధ్యమా? కార్డును తుడుచుటకు ముందు, ప్రతులు రెండుచోట్ల భద్రమైనవని చిట్టాపై సంతకము చేయుట ఆనాటి చివరి పని.